పిల్లల ఎత్తుకు ఒక పలక



దసరా ముందర మన ఓరుగల్లు ఇళ్ళలో సున్నాలు, రంగులు వేయించుకోవడం రివాజు. అదే వారంలో ఎన్నో ఇళ్ళల్లో ఎవరూ గమనించని నష్టం ఒకటి జరుగుతుంది. ద్వారం పక్కన పిల్లలను నిలబెట్టి, తల మీద పెన్సిలు ఆనించి గీసుకున్న గీతలు, పక్కన రాసుకున్న తేదీలు లప్పం కిందికి వెళ్ళిపోతాయి. కిరాయి ఇళ్ళలో ఉండేవాళ్ళకు ఇల్లు మారిన ప్రతిసారీ ఇదే నష్టం. కాజీపేటలో రైల్వే ఉద్యోగాలు చేసేవాళ్ళు, బదిలీ మీద హనుమకొండకు వచ్చే టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు సామానంతా లారీకి ఎక్కిస్తారు. గోడను ఎక్కించలేరు కదా. పాప పుట్టినప్పటి నుంచి బడికి వెళ్ళేదాకా ఎట్లా ఎదిగిందో చెప్పే లెక్క ఆ ఇంట్లోనే ఉండిపోతుంది.

ఆ గీతలకు గోడ బదులు ఒక చెక్క పలకను ఇవ్వండని చెప్పడానికే ఇవాళ మీ ముందుకు వచ్చాను. బజారులో గోడకు అంటించే జిరాఫీ బొమ్మల స్టిక్కర్లు దొరుకుతాయి. నగిషీలు చెక్కిన ఖరీదైన పట్టికలూ దొరుకుతాయి. వాటిని కొనాల్సిన పని లేదు. ఒక చెక్క ముక్క, స్టీలు టేపు, మూలమట్టం, కొంచెం వార్నిష్ ఉంటే ఇంట్లోనే చేసుకోవచ్చు. చేతికి పని అలవాటు లేనివాళ్ళు దగ్గరలోని వడ్లాయన దగ్గర కోత, రంద మాత్రం చేయించుకుని, మిగతాది తామే చేసుకోవచ్చు. షరతు ఒక్కటే. దాని మీద పడే ప్రతి గీత నిజం చెప్పాలి. అందంగా ఉండి తప్పు కొలత చూపించే పలక కన్నా, సాదాసీదాగా ఉండి సరైన కొలత చూపించే పలక పిల్లకు మేలు చేస్తుంది. ఇవాళ నేను చెప్పేదంతా ఈ మాట చుట్టూనే తిరుగుతుంది.

ఇంట్లో గీసుకునే గీతలకు అంత విలువ ఉంటుందా అని మీకు అనిపించవచ్చు. ఫ్రాన్సు దేశంలో మాంట్‌బెయార్ అనే ఆయనకు 1759లో కొడుకు పుట్టాడు. పుట్టిన నాటి నుంచి 1777 దాకా, అంటే పిల్లవాడికి పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా, దాదాపు ఆరు నెలలకు ఒకసారి ఆ తండ్రి కొడుకు ఎత్తు కొలిచి రాసిపెట్టాడు. అప్పటికి లోకంలో మీటరు కొలత ఇంకా పుట్టలేదు. తన దేశపు అడుగులు, అంగుళాల్లోనే రాశాడు. ప్రకృతి శాస్త్రవేత్త బుఫాన్ ఆ లెక్కను తన గ్రంథంలో అచ్చువేశాడు. 1927లో స్కామన్ అనే అమెరికా శాస్త్రవేత్త ఆ అంకెలను సెంటీమీటర్లలోకి మార్చి రేఖాచిత్రం గీశాడు. పసితనంలో వేగంగా, బడి వయసులో నిదానంగా, యుక్తవయసులో మళ్ళీ ఒక్క ఊపున పెరిగే మనిషి ఎదుగుదల అంతా అందులో కనిపించింది. ఒకే పిల్లవాణ్ణి ఏళ్ళ తరబడి వరుసగా కొలిచిన లెక్కల్లో మనకు దొరికిన మొట్టమొదటిది అదేనంటారు. పిల్లల వైద్యులు నేటికీ దాన్ని చదువుకుంటారు. ఒక తండ్రి ఓపికగా, ఒకే పద్ధతిలో కొలవడమే దాని గొప్పతనం. ఆ ఓపిక మన ఇళ్ళలోనూ ఉంది. దానికి నికరమైన సాధనం తోడైతే చాలు.

ఇక పని సంగతికి వద్దాం. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. కొలతలు నిదానంగా చెబుతాను.

ముందుగా, ఎంత పొడవు చెక్క కావాలి? ఆరడుగుల పలక అనగానే ఖర్చు గుర్తొచ్చి చాలామంది వెనక్కి తగ్గుతారు. నిజానికి నాలుగు అడుగులు చాలు. ఎందుకో చెబుతాను. పుట్టిన బిడ్డ దాదాపు 50 సెంటీమీటర్లు ఉంటుంది. ఏడాదికి 75 దగ్గరికి వస్తుంది. రెండేళ్ళు నిండేదాకా పిల్లలను నిలబెట్టి కొలవరు, పడుకోబెట్టి కొలుస్తారు. నిలబెట్టి కొలిచే వయసు వచ్చేసరికి ఎత్తు ఎటూ 85 సెంటీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. కాబట్టి నేల నుంచి 60 సెంటీమీటర్ల దాకా ఉండే చెక్క మీద ఏ గీతా పడదు. ఆ చెక్కకు పెట్టే డబ్బు దండుగ. పలక అడుగు అంచును నేలకు సరిగ్గా 60 సెంటీమీటర్ల ఎత్తున ఉంచి గోడకు బిగిస్తే, 120 సెంటీమీటర్ల పలక మీద 60 నుంచి 180 దాకా కొలతలు వస్తాయి. పాప పెద్దదై కాలేజీకి వెళ్ళేదాకా అదే పలక సరిపోతుంది.

రాసుకోండి. పొడవు 120 సెంటీమీటర్లు, అంటే నాలుగు అడుగులకు వేలెడు తక్కువ. వెడల్పు ఆరు అంగుళాలు. మందం ముప్పావు అంగుళం. టింబరు డిపోల్లో చెక్కను ఘనపుటడుగుల లెక్కన అమ్ముతారు. నాలుగడుగుల పొడవు, అరడుగు వెడల్పు, ముప్పావు అంగుళం మందం గల ముక్క ఘనపుటడుగులో సరిగ్గా ఎనిమిదో వంతు. కోతలో కొంత పోతుందనుకోండి. డిపోలో చెప్పిన ధరను ఎనిమిదితో భాగించి చూసుకుంటే మీ ఖర్చు మీకే తెలిసిపోతుంది. టేకు కూడా అందనంత దూరంలో ఏమీ లేదని అప్పుడు అర్థమవుతుంది. డిపోలో బిల్లుతో కొన్న టేకునే తెచ్చుకోండి. ఏటూరునాగారం అడవుల నుంచి దొంగచాటుగా వచ్చిన చెక్కతో మన పిల్లల ఎదుగుదల రాయడం ధర్మం కాదు.

ఇంకా తక్కువలో కావాలంటే దారులు ఉన్నాయి. తలుపులు, మంచాలు చేసే వడ్లాయన దగ్గర నాలుగడుగుల తునకలు మిగులుతుంటాయి. అడిగితే తక్కువకే ఇస్తారు. పాత ఇళ్ళు పడగొట్టినచోట ద్వారబంధాలు, అటకల పలకలు అమ్మకానికి వస్తాయి. అట్లాంటి పాత చెక్క ఏళ్ళ తరబడి ఆరి ఉంటుంది కాబట్టి మెలి తిరగదు. ఊళ్ళో వేప చెట్టు కొమ్మను కోయించిన పలక ఉంటే అదీ మంచిదే, దానికి చెద భయం తక్కువ. యంత్రాల సామాను వచ్చే పెట్టెల చెక్క కూడా పనికొస్తుంది. అయితే దాని మీద ఉండే ముద్ర చూడండి. విదేశాల నుంచి వచ్చిన పెట్టెల మీద ఇంగ్లీషులో హెచ్.టి. అని ఉంటే వేడిచేసి పురుగు చంపిన చెక్క అని అర్థం. ఎం.బి. అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించిన చెక్క. ఆ రెండోది పిల్లలు తాకే వస్తువుకు వద్దు.

ఏ చెక్క తీసుకున్నా చూడాల్సినవి మూడు. పచ్చిగా ఉండకూడదు. మెలిక ఉండకూడదు. చెక్కను కంటికి ఎదురుగా పట్టుకుని ఒక కొస నుంచి రెండో కొసకు చూస్తే వంకర తెలిసిపోతుంది. ఇక మూడోది, ఈనె నిలువుగా, పొడవు వెంట పారాలి. దీని వెనక ఒక కారణం ఉంది. చెక్క తేమను పీల్చి ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. మన దగ్గర వేసవిలో ఎండ 45 డిగ్రీల దాకా పోతుంది, వానాకాలంలో గోడలు చెమ్మగిల్లుతాయి. ఈ ఉబ్బడం, ముడుచుకోవడం అంతా ఎక్కువగా అడ్డంగానే జరుగుతుంది. పచ్చి చెక్క పూర్తిగా ఆరేసరికి వెడల్పులో నూటికి ఐదారు వంతుల దాకా తగ్గవచ్చు. ఈనె వెంట, పొడవులో మాత్రం వెయ్యికి ఒకటి రెండు వంతులు దాటదు. ఆరిన చెక్కలో అది కూడా ఉండదు. అందుకే బడిలో కొలబద్దలు చెక్కతో చేశారు. కాగితం పట్టిక చెమ్మకు సాగుతుంది. దర్జీ వాడే గుడ్డ టేపు లాగిన కొద్దీ సాగుతుంది. ఆరిన చెక్క మాత్రం పదిహేనేళ్ళ తర్వాత కూడా మొదటి రోజు చెప్పిన కొలతే చెబుతుంది.

చెక్క తెచ్చాక రెండు వైపులా రంద పట్టించి, గరుకు కాగితంతో ఈనె వెంట రుద్దండి. అంచులు కోసుగా ఉండకుండా కొద్దిగా గుండ్రం చేయండి. పిల్లల వీపు ఆనే పలక అది, పుల్ల గుచ్చుకోకూడదు. ఇక్కడ ఒక హెచ్చరిక. పాత తలుపు చెక్క మీద రంగు పొరలు ఉంటే దాన్ని ఇంట్లో పొడిగా రుద్దవద్దు. పాత రంగుల్లో సీసం ఎక్కువగా ఉండేది. ఆ దుమ్ము పసిపిల్లల మెదడుకు హాని చేస్తుంది. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం పది లక్షల వంతుల్లో 90 వంతులకు మించకూడదనే నిబంధన 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగు ఏదో మనకు తెలియదు. రంగు లేని చెక్కనే ఎంచుకోండి. మీరు వేసే రంగు కూడా కొత్త డబ్బాదే, సీసం లేదని దాని మీద రాసి ఉన్నదే కావాలి. అటక మీద మిగిలిపోయిన పాత డబ్బా తీయకండి.

రుద్దిన పలకకు ముందు ఒక పూత వార్నిష్ వేసి ఆరనివ్వండి. వట్టి చెక్క మీద సిరాతో గీస్తే సిరా ఈనెల వెంట పాకి గీత మొద్దుబారుతుంది. పూత మీద గీస్తే గీత సన్నగా నిలుస్తుంది. గీతలు గీశాక పైన మరో పూత వేయాలి. వార్నిష్ వాసన గిట్టనివాళ్ళు అవిసె నూనె పట్టించవచ్చు. ఆ నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకోగలవు. బయట పరిచి ఆరబెట్టాకే పారేయండి.

ఇప్పుడు గీతలు. పలక విలువ అంతా ఇక్కడే ఉంది. స్టీలు టేపు కొసన ఉండే కొక్కెం వంగి ఉంటే మొదటి అంకె తప్పు చూపిస్తుంది. అందుకని టేపు మీది 10 సెంటీమీటర్ల గుర్తును పలక అడుగు అంచుకు ఆనించి, అక్కడి నుంచి లెక్క పెట్టుకోండి. టేపును ఒక్కసారే పొడవునా పరిచి, కదలకుండా పట్టి, అన్ని గుర్తులూ ఒకే వరుసలో పెట్టండి. పది సెంటీమీటర్లు కొలిచి, మళ్ళీ అక్కడి నుంచి ఇంకో పది కొలిచి పోతే ప్రతిసారీ వచ్చే వెంట్రుకవాసి తేడా పై చివరకు చేరేసరికి అర సెంటీమీటరు అవుతుంది. గుర్తులయ్యాక మూలమట్టం ఆనించి అడ్డగీతలు గీయండి, మన మేస్త్రీలు గునియా అనేది అదే. ఒక్కో సెంటీమీటరుకు చిన్న గీత, ఐదుకు కొంచెం పొడుగు గీత, పదికి ఇంకా పొడుగు గీత, పక్కన అంకె. అడుగు అంచు దగ్గర 60 అని, ఆ తర్వాత 70, 80 అని రాయాలి. సున్నాతో మొదలుపెట్టకండి.

రెండో అంచున అడుగులు, అంగుళాలు కూడా గీసుకోవచ్చు. మన తాతలు, అమ్మమ్మలు ఇప్పటికీ ఎత్తును అడుగుల్లోనే చెబుతారు. అంగుళానికి 2.54 సెంటీమీటర్లు, అడుగుకు 30.48. అంకెలను తెలుగు అంకెల్లో రాసుకుంటే మరీ మంచిది. పిల్లలు తమ ఎత్తుతోపాటు వాటినీ నేర్చుకుంటారు.

గీతలకు ఒక అంచు పోగా మిగిలిన జాగాను పిల్లలకు వదలండి. మన పక్కనే చేర్యాల ఉంది. 2016లో జిల్లాలు విడిపోయేదాకా అది వరంగల్ జిల్లాలోని ఊరే, ఇప్పుడు సిద్దిపేటలో ఉంది. అక్కడి నకాషీ కళాకారులు ఖాదీ బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి, ఎర్రని నేల మీద కథను గళ్ళు గళ్ళుగా గీస్తారు. కథ చెప్పేవాళ్ళు ఆ పటాన్ని విప్పుకుంటూ, గడి తర్వాత గడి చూపిస్తూ పాడేవారు. మీ పలక కూడా అట్లాంటి పటమే అవుతుంది, కాకపోతే కింది నుంచి పైకి సాగుతుంది. పుట్టినరోజుకు ఒక బొమ్మ, పిల్లల చేతే వేయించండి. మూడేళ్ళప్పుడు గీసిన గుండ్రని సున్నా, ఐదేళ్ళప్పటి బతుకమ్మ, ఎనిమిదేళ్ళప్పటి రామప్ప గుడి ఒకదాని మీద ఒకటి వరుసగా చేరతాయి. దానికి ఏ డబ్బూ అక్కరలేదు.

బిగించే పద్ధతి. పిల్ల ఎక్కడ నిలబడుతుందో అక్కడి బండ మీద నుంచే 60 సెంటీమీటర్లు కొలవండి. షాబాదు బండలు పరిచిన ఇళ్ళలో ఒక బండ పైకి, ఒకటి కిందికి ఉంటాయి కాబట్టి ఈ మాట చెబుతున్నాను. గోడకు రంధ్రం వేసి, ప్లగ్గు పెట్టి, పైన రెండు, కింద రెండు స్క్రూలు బిగించండి. తూకపు గుండు వేలాడదీసి నిలువు సరిచూడండి. ఇంటి యజమానులు గోడకు రంధ్రాలు వద్దంటే, 60 సెంటీమీటర్ల రీపులు రెండు తెచ్చి పలక అడుగున కాళ్ళలాగా బిగించండి. అప్పుడు పలక నేల మీదే నిలుస్తుంది, పైన పడిపోకుండా ఒక్క మేకు చాలు. ఇల్లు మారితే ఊడదీసుకుని వెళ్ళవచ్చు. ఇంకొక చిన్న సంగతి. పలక గోడకు ముప్పావు అంగుళం ముందుకు ఉంటుంది. మడమలు గోడకు ఆనితే, వీపు పలకకు ఆని పిల్ల ముందుకు వాలుతుంది. అదే మందం ఉన్న తునక ఒకటి నేల దగ్గర గోడకు ఆనించి పెడితే మడమలు, వీపు ఒకే వరుసలోకి వస్తాయి.

పలక తయారైంది. ఇప్పుడు కొలిచే పద్ధతి చూద్దాం. తల మీద పెన్సిలు పెట్టి గీసే అలవాటులోనే తప్పు ఉంది. పెన్సిలు కొంచెం వాలితే సెంటీమీటరు, రెండు సెంటీమీటర్లు తేడా వస్తుంది. మిగిలిన చెక్కతో రెండు ముక్కలను లంబకోణంలో కలిపి మేకులు కొట్టండి. దాని ఒక వైపు పలకకు ఆనాలి, రెండో వైపు నెత్తి మీద దిగాలి. అది లేకపోతే గట్టి అట్ట ఉన్న మందపాటి పుస్తకం వాడండి. చెప్పులు, సాక్సులు తీయించండి. జడ, కొప్పు, క్లిప్పులు విప్పండి. మడమలు, పిరుదులు, భుజాల వెనక భాగం, తల వెనక భాగం ఆనాలి. మోకాళ్ళు చాచి ఉండాలి. చూపు నేరుగా ఎదురుగా ఉండాలి. కంటి కింది ఎముక, చెవి రంధ్రం ఒకే మట్టంలో ఉంటే తల సరిగ్గా ఉన్నట్టు. గడ్డం పైకెత్తినా, దించినా కొలత మారిపోతుంది. కొలిచే మనిషి కూడా వంగి, కన్ను గీతకు సమానంగా పెట్టి చదవాలి. మొత్తం రెండుసార్లు కొలవండి. తేడా అర సెంటీమీటరు దాటితే మూడోసారి కొలవండి.

ఎప్పుడు కొలవాలి? మనం నిద్ర లేచినప్పుడు ఉన్నంత ఎత్తు సాయంత్రానికి ఉండం. పగలంతా నిలబడి, నడిచి, వెన్నుపూసల మధ్య మెత్తని బిళ్ళలు కొంచెం అణిగి, సుమారు ఒక సెంటీమీటరు తగ్గుతాం. అందుకని ఎప్పుడూ ఒకే వేళకు, పొద్దున్నే కొలవడం మంచిది. ఆరు నెలలకు ఒకసారి చాలు. ప్రతి ఆదివారం నిలబెట్టకండి. వారంలో వచ్చే పెరుగుదల మన చేతి తప్పు కన్నా చిన్నది. అనవసరంగా బెంగ, లేదా అనవసరంగా సంతోషం తప్ప ఏమీ రాదు.

గీత పక్కన తేదీ రాయండి. పలక వెనక ఒక కాగితం అంటించి తేదీ, ఎత్తు, కొలిచినవారి పేరు రాయండి. ఇద్దరు పిల్లలుంటే రెండు రంగులు. ఇప్పటికే గోడ మీద గీతలు ఉన్నవాళ్ళు సున్నం వేయకముందే, ఒక్కో గీతనూ నేల నుంచి టేపుతో కొలిచి, తేదీలతో సహా పలక మీదికి ఎక్కించండి. పాత లెక్క పోగొట్టుకోవద్దు.

ఇంత శ్రమ ఎందుకో ఇప్పుడు చెబుతాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1997 నుంచి 2003 దాకా బ్రెజిల్, ఘనా, భారతదేశం, నార్వే, ఒమన్, అమెరికా దేశాల్లో సుమారు 8,500 మంది పిల్లలను పరిశీలించి 2006లో ఎదుగుదల ప్రమాణాలు ప్రకటించింది. మన దేశం నుంచి దక్షిణ ఢిల్లీ పిల్లలు అందులో ఉన్నారు. తల్లిపాలు, సరైన తిండి, శుభ్రమైన పరిసరాలు, వైద్యం అందితే ఏ దేశపు పిల్లలైనా ఐదేళ్ళ దాకా దాదాపు ఒకేలా పెరుగుతారని ఆ పరిశీలనలో తేలింది. మన పిల్లలు పుట్టుకతోనే పొట్టివాళ్ళు అనే మాటకు అక్కడితో ఆధారం పోయింది. ఆ ప్రమాణాల ప్రకారం రెండేళ్ళకు మగపిల్లల నడిమి ఎత్తు 87, ఆడపిల్లలది 86 సెంటీమీటర్ల దాపు. మూడేళ్ళకు 96, 95. ఐదేళ్ళకు ఇద్దరికీ దాదాపు 110. ఐదేళ్ళ పిల్ల 100 సెంటీమీటర్లకు కూడా చేరకపోతే వయసుకు తగ్గ ఎదుగుదల లేదని లెక్క.

మన రాష్ట్రంలో అట్లాంటి పిల్లలు తక్కువేమీ లేరు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో ఐదేళ్ళలోపు పిల్లల్లో నూటికి 28 మంది వయసుకు తగ్గ ఎత్తు లేరని తేలింది. ఆ తర్వాతి సర్వేలో, 2019-21 నాటికి, ఆ సంఖ్య 33కు పెరిగింది. ముగ్గురిలో ఒకరు. బరువు తగ్గితే ఇంట్లో వెంటనే తెలుస్తుంది, బుగ్గలు పీక్కుపోతాయి. ఎత్తు ఆగిపోవడం అట్లా కనిపించదు. పిల్ల చురుగ్గానే ఆడుతుంది, నవ్వుతుంది, వయసులో ఏడాది చిన్న పిల్లలా ఉంటుంది. రోజూ చూసే కంటికి అది ఆనదు. ఆరు నెలల కింద గీసిన గీతకు, ఇవాళ గీసిన గీతకు మధ్య దూరం మాత్రం దాచదు.

ఆ దూరాన్ని ఎట్లా చదవాలో గుర్తుపెట్టుకోండి. మొదటి ఏడాది పిల్లలు సుమారు 25 సెంటీమీటర్లు పెరుగుతారు. రెండో ఏడాది 12. ఆ తర్వాత వేగం తగ్గుతూ, నాలుగేళ్ళ నుంచి యుక్తవయసు మొదలయ్యేదాకా ఏడాదికి ఐదారు సెంటీమీటర్లు. ఆడపిల్లలకు సుమారు పన్నెండేళ్ళప్పుడు, మగపిల్లలకు పద్నాలుగేళ్ళప్పుడు మళ్ళీ ఒక ఊపు వస్తుంది. నాలుగేళ్ళు దాటిన పిల్ల నిండు ఏడాదిలో నాలుగు సెంటీమీటర్లు కూడా పెరగకపోతే వైద్యుడికి చూపించండి. థైరాయిడ్ లోపం, రక్తహీనత, పదేపదే విరేచనాలు, ఎదుగుదల హార్మోను తక్కువ కావడం, ఇట్లాంటివి ఎన్నో ఉండవచ్చు. వీటిలో చాలావాటికి చికిత్స ఉంది. ముందుగా తెలిస్తే ఫలితమూ ఎక్కువ. మన ఓరుగల్లు ఎంజీఎం ఆసుపత్రి పిల్లల విభాగానికైనా, మీ ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికైనా వెళ్ళేటప్పుడు పలక వెనకాల రాసుకున్న తేదీలు, ఎత్తులు ఒక కాగితం మీద ఎక్కించుకుని వెళ్ళండి. ఒక్క రోజు కొలిచిన ఎత్తు కన్నా నాలుగేళ్ళ వరుస లెక్క డాక్టరుకు ఎంతో ఎక్కువ చెబుతుంది.

మీ పలక సరిగ్గా ఉందో లేదో సరిచూసుకునే దారి కూడా మీ వీధిలోనే ఉంది. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం కింద నడిచే అంగన్‌వాడీ కేంద్రాలు మన రాష్ట్రంలో 35 వేలకు పైగా ఉన్నాయి. 2018లో పోషణ్ అభియాన్ వచ్చాక ఎత్తు, బరువు కొలిచే సాధనాలు ఈ కేంద్రాలకు అందాయి. నిలబెట్టి కొలిచే పరికరం ఒకటి, రెండేళ్ళలోపు పసివాళ్ళను పడుకోబెట్టి కొలిచే పరికరం ఒకటి. పిల్లను తీసుకెళ్ళి అంగన్‌వాడీ టీచరమ్మను ఎత్తు కొలవమనండి. ఇంటికి వచ్చి అదే పూట పలక దగ్గర కొలవండి. రెండూ కలిస్తే మీ పలకను నమ్మవచ్చు. కలవకపోతే బిగించిన ఎత్తు మళ్ళీ చూసుకోండి. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం, గుడ్లు పిల్లకు నిజంగా అందుతున్నాయో లేదో కూడా ఆ వంకన తెలుస్తుంది. గర్భిణులకు, బాలింతలకు 2015 నుంచి ఆరోగ్య లక్ష్మి కింద పెట్టే పూట భోజనం కూడా ఈ గీతల కిందే లెక్క. పిల్ల ఎత్తు తల్లి కడుపులో ఉన్నప్పటి నుంచే మొదలవుతుంది. గర్భం నుంచి రెండేళ్ళు నిండేదాకా ఉండే వెయ్యి రోజులు ఎంత ముఖ్యమో డాక్టర్లు పదేపదే చెబుతున్నది అందుకే.

ఇంకొక మాట చెప్పి ముగిస్తాను. మన ఇళ్ళల్లో పిల్లల ఎత్తు గురించి పైకి మాట్లాడితే దిష్టి తగులుతుందని జంకుతారు. పడుకున్న పిల్లను దాటితే ఎదగదని వెనక్కి దాటమంటారు. ఆ మాటల వెనక ఉన్నది ప్రేమే. అదే ప్రేమతో కొలవండి. అయితే ఎదురింటి పిల్లవాడి గీతను తెచ్చి మీ పలక మీద గీయకండి. అన్న ఐదేళ్ళకు ఇంత ఉన్నాడు, నువ్వింతే ఉన్నావని తమ్ముణ్ణి పలక ముందు నిలబెట్టి అనకండి. అమ్మానాన్నలు పొట్టిగా ఉంటే పిల్లలూ కొంత పొట్టిగా ఉంటారు, అది జబ్బు కాదు. ప్రమాణాల అంకెలు పలక వెనక కాగితం మీద పెద్దల కోసం ఉండాలి. ముందు వైపు పిల్లకు కనిపించాల్సింది తన పాత గీత, దాని మీద తన కొత్త గీత, ఆ రెంటి మధ్య తాను పెరిగిన దూరం.

ఖర్చు భయం పక్కన పెట్టండి. ఘనపుటడుగులో ఎనిమిదో వంతు చెక్క కొనగలిగిన ప్రతి ఇంట్లో, తునక చెక్క అడిగి తెచ్చుకోగలిగిన ప్రతి ఇంట్లో ఈ పలక ఉండవచ్చు. వడ్రంగం తెలిసిన శ్రోతలకు నా విన్నపం. మీ దగ్గర మిగిలే తునకల్లో నాలుగడుగులవి పక్కన పెట్టి, మీ వాడలోని అంగన్‌వాడీకి, పేద పిల్లల ఇళ్ళకు రంద పట్టి ఇవ్వండి. బడి పంతుళ్ళు ఐదో తరగతి, ఆరో తరగతి పిల్లల చేత ఈ పలక చేయించవచ్చు. కొలత, కోణం, సగటు, రేఖాచిత్రం, ఇన్ని పాఠాలు అందులో ఉన్నాయి. ఇక తల్లిదండ్రులకు ఒకటే చెబుతున్నాను. ఈ దసరాకు గోడలకు సున్నం వేయించే ముందు పలక సిద్ధం చేసుకోండి. గోడ మీది గీతలు దాని మీదికి ఎక్కించండి. అంగన్‌వాడీలో ఒకసారి సరిచూసుకోండి. తర్వాత ఆరు నెలలకు ఒకసారి, మరిచిపోకుండా, అదే పద్ధతిలో కొలవండి. గీతల మధ్య దూరం తగ్గినట్టు కనిపిస్తే ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళండి.